గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ‘వైన్‌లైట్’ ఆల్బం: తరచుగా అడిగే ప్రశ్నలు

‘వైన్‌లైట్’ ఎవరి ఆల్బం? ఎప్పుడు వచ్చింది?

అమెరికాకు చెందిన సాక్సోఫోన్ విద్వాంసుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 1980 వేసవిలో న్యూయార్క్‌లోని రోజ్‌బడ్ స్టూడియోలో రికార్డు చేసిన ఆల్బం ఇది. అదే ఏడాది అక్టోబరులో ఎలెక్ట్రా సంస్థ దీన్ని విడుదల చేసింది. గ్రోవర్‌తో పాటు తాళవాద్య విద్వాంసుడు రాల్ఫ్ మెక్‌డొనాల్డ్ కూడా నిర్మాతగా వ్యవహరించారు. మొత్తం ఆరు రచనలు, నిడివి సుమారు 39 నిమిషాలు. ప్రధాన గాయకుడు వినిపించేది ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’ అనే ఒక్క పాటలోనే. ప్రపంచంలో చాలామందికి ఈ ఆల్బం ఆ ఒక్క పాట ద్వారానే పరిచయమైంది. మిగిలిన ఐదు రచనలనూ శ్రద్ధగా విన్నవారు తక్కువ కాబట్టి ఈ సమాధానాలలో వాటికి కూడా తగినంత చోటు ఇవ్వడం జరిగింది.

గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ నేపథ్యం ఏమిటి?

ఆయన 1943 డిసెంబరు 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో పుట్టారు. తల్లి చర్చి బృందంలో పాడేవారు, తండ్రికి సాక్సోఫోన్ వాయించే అలవాటు, రికార్డులు సేకరించే అలవాటు రెండూ ఉండేవి. ఎనిమిదేళ్ల వయసులోనే కుమారుడి చేతికి సాక్సోఫోన్ అందింది. చదువు ముగిశాక ఫోర్ క్లెఫ్స్ అనే బృందంతో ఊరూరా తిరిగి వాయించిన గ్రోవర్, ఆ తరువాత సైన్యంలో చేరవలసి వచ్చింది. అక్కడ పరిచయమైన డ్రమ్స్ వాద్యకారుడు బిల్లీ కాబమ్ న్యూయార్క్ సంగీతకారులకు ఆయనను పరిచయం చేశారు. సైన్యం నుంచి బయటికి వచ్చాక ఫిలడెల్ఫియాలో స్థిరపడి, చివరి వరకూ ఆ నగరానికే చెందిన మనిషిగా బతికారు.

మొదటి ఆల్బం అవకాశం మరొకరు రాకపోవడం వల్ల దక్కింది. 1971లో నిర్మాత క్రీడ్ టేలర్ తన ‘కుడు’ రికార్డుల లేబుల్ కోసం సాక్సోఫోన్ వాద్యకారుడు హ్యాంక్ క్రాఫర్డ్‌తో ఒక రికార్డింగ్ ఏర్పాటు చేశారు. క్రాఫర్డ్ రాలేకపోవడంతో, పక్కవాద్యం వాయించడానికి వచ్చిన గ్రోవర్‌ను ముందుకు పిలిచారు. అలా వెలువడినదే ‘ఇన్నర్ సిటీ బ్లూస్’. తరువాత 1975లో వచ్చిన ‘మిస్టర్ మ్యాజిక్’ ఆయనను జాజ్ పరిధి దాటించి సామాన్య శ్రోతల దగ్గరికి తీసుకువెళ్లింది. ఆ శీర్షిక రచనను రాసింది రాల్ఫ్ మెక్‌డొనాల్డ్, విలియమ్ సాల్టర్. అంటే ‘వైన్‌లైట్’ వెనుక ఉన్న స్నేహం అయిదేళ్ల ముందే మొదలై, అప్పటికే ఫలితాన్నిచ్చింది.

దీన్ని స్మూత్ జాజ్ అనవచ్చా? 1980లో ఆ పేరు వాడుకలో ఉందా?

అప్పటికి ఆ పేరు స్థిరపడలేదు. 1980లో దుకాణాలలో ఈ ఆల్బంను ఫ్యూజన్ (జాజ్‌ను రాక్ వంటి ఇతర శైలులతో కలిపే సంగీతం) వరుసలోనో, జాజ్ ఫంక్ వరుసలోనో ఉంచేవారు. 1987లో లాస్ ఏంజెలెస్‌లో ‘ద వేవ్’ అనే రేడియో కేంద్రం ఈ తరహా సంగీతాన్నే రోజంతా ప్రసారం చేయడం మొదలుపెట్టింది. ఆ ఒరవడిలో ఇతర నగరాలకూ ఇటువంటి కేంద్రాలు వచ్చాక, వాటి వల్లనే స్మూత్ జాజ్ అనే పేరు జనంలో నిలబడింది. కనుక ఈ ఆల్బం ఆ ముద్రను లక్ష్యంగా పెట్టుకుని తయారైనది కాదు. తరువాత వచ్చినవారు దీన్ని నమూనాగా తీసుకున్నారని చెప్పడమే సరైనది. ఈ తేడా ముఖ్యం. తరువాతి కాలంలో రేడియో అవసరాలకు తగినట్టు కొలిచి తయారుచేసిన ఎన్నో ఆల్బములలో కనిపించని కండబలం ఇందులో ఉన్నది, ఎందుకంటే దీన్ని వాయించినవారు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి లయను మరొకరు వింటూ వాయించగలిగిన హేమాహేమీలు.

ఆ వాద్యకారులు ఎవరు? వారికి అంత ప్రాధాన్యం ఎందుకు?

ఈ ఆల్బం గురించి అడగదగిన ప్రశ్నలలో ఇది మొదటిది. డ్రమ్స్ మీద స్టీవ్ గ్యాడ్, గిటార్ మీద ఎరిక్ గేల్, ఎలక్ట్రిక్ పియానో మీద రిచర్డ్ టీ, బేస్ గిటార్ మీద మార్కస్ మిల్లర్, కాంగాలు, ఇతర తాళవాద్యాల మీద రాల్ఫ్ మెక్‌డొనాల్డ్. వీరిలో గ్యాడ్, గేల్, టీ ముగ్గురూ అప్పటికే ‘స్టఫ్’ అనే బృందంలో కలిసి వాయిస్తూ, న్యూయార్క్ స్టూడియోలలో రోజూ ఎదురుపడేవారు. ఒకరు ఎక్కడ ఆగుతారో మరొకరికి చెప్పనక్కరలేనంత పరిచయం అది.

స్టీవ్ గ్యాడ్ అప్పటికి దేశమంతా పేరున్న వాద్యకారుడు. స్టీలీ డాన్ బృందం 1977లో విడుదల చేసిన ‘ఏజా’ శీర్షిక గీతంలో ఆయన చేసిన విన్యాసం డ్రమ్స్ నేర్చుకునేవారికి పాఠంగా నిలిచింది. అంతటి వాద్యకారుడు ‘వైన్‌లైట్’లో తన శక్తిని ఎక్కడా ప్రదర్శించకపోవడం గమనించదగినది. స్నేర్ డ్రమ్ మీద గట్టి దెబ్బల మధ్య, దాదాపు వినిపించనంత మెల్లగా కర్ర తాకే చిన్న దెబ్బలు ఉంటాయి. ఆ చిన్న దెబ్బలే లయకు ఊపిరి పోస్తాయి. వాటిని తీసివేస్తే మిగిలేది గడియారం చప్పుడే.

మార్కస్ మిల్లర్‌కు అప్పుడు 21 ఏళ్లు. ఆ వెంటనే ప్రఖ్యాత జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరి, ఆ దశాబ్దపు జాజ్‌లో అత్యంత ప్రభావం చూపిన బేస్ వాద్యకారుడిగా ఎదిగారు. శీర్షిక రచనలోనూ, ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’ చివరి భాగంలోనూ ఆయన బొటనవేలితో తీగను కొట్టి, చూపుడు వేలితో లాగి వదిలే స్వరాలు వింటే, కింది స్థాయిలో నడిచే వాద్యం కూడా పాడగలదని అర్థమవుతుంది. మన కచేరీలో మృదంగ విద్వాంసుడు పల్లవి సందులను నింపినట్టు, గ్రోవర్ ఊపిరి తీసుకునే చోట మాత్రమే మిల్లర్ ముందుకు వచ్చి, గ్రోవర్ తిరిగి అందుకోగానే తగ్గిపోతారు.

రిచర్డ్ టీ వాయించిన ఫెండర్ రోడ్స్ పియానో గురించి కూడా ఒక మాట చెప్పాలి. అందులో తీగలు ఉండవు. చిన్న సుత్తులు సన్నని లోహపు పుల్లలను తాకితే, ఆ కంపనాన్ని పికప్‌లు విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. మెల్లగా నొక్కితే గంటలాంటి తేట ధ్వని, గట్టిగా నొక్కితే కొంచెం బొంగురుగా పలికే ధ్వని వస్తాయి. ఈ ఆల్బంకు ఉన్న వెచ్చదనంలో సగం వాటా ఆ వాద్యానిదే అని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఆల్బంలోని ఆరు రచనలు ఏవి?

ఎల్పీ రికార్డు మొదటి వైపున ‘వైన్‌లైట్’, ‘లెట్ ఇట్ ఫ్లో’, ‘ఇన్ ద నేమ్ ఆఫ్ లవ్’ ఉన్నాయి. రెండో వైపున ‘టేక్ మీ దేర్’, ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’, ‘మేక్ మీ ఎ మెమరీ’ ఉన్నాయి. శీర్షిక రచన విలియమ్ ఈటన్‌ది. ‘ఇన్ ద నేమ్ ఆఫ్ లవ్’ మెక్‌డొనాల్డ్, సాల్టర్ కలిసి రాసినది. ‘లెట్ ఇట్ ఫ్లో’, ‘టేక్ మీ దేర్’, ‘మేక్ మీ ఎ మెమరీ’ మూడూ గ్రోవర్ సొంత రచనలు. చివరి దానికి ‘శాడ్ సాంబా’ అని ఉపశీర్షిక కూడా ఉంది. ఆ పేరుకు తగినట్టే బ్రెజిల్ సాంబా నడకను నెమ్మదింపజేసి, విచారం నింపి కట్టిన రచన అది. ఆరింటిలో దానికి రావలసినంత గుర్తింపు రాలేదన్నది ఈ సమాధానాలు రాస్తున్నవారి గట్టి అభిప్రాయం.

‘లెట్ ఇట్ ఫ్లో’ పేరు పక్కన ఉన్న ‘డాక్టర్ జె’ ఎవరు?

ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ జట్టు తరఫున ఆడిన ప్రఖ్యాత బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు జూలియస్ ఎర్వింగ్. గ్రోవర్ ఆ జట్టుకు వీరాభిమాని, వారి ఆటలకు ముందు జాతీయ గీతాన్ని సాక్సోఫోన్ మీద వాయించేవారు కూడా. గాలిలోకి లేచి, నేలను తాకేలోపు దిశ మార్చుకోగలగడం ఎర్వింగ్ ఆటలోని ప్రత్యేకత. ఆ రచనలో గ్రోవర్ ఒక పలుకును ముగించబోతున్నట్టు వినిపించి, చివరి క్షణంలో దాన్ని మరో స్వరం మీదికి తిప్పే చోట్లు వింటే అంకితం ఎంత సార్థకమో తెలుస్తుంది.

‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’ పాట ఎలా పుట్టింది?

దీన్ని మెక్‌డొనాల్డ్, సాల్టర్ మొదలుపెట్టారు. ఈ ఇద్దరికీ పాట కట్టడంలో అనుభవం ఉంది. రాబర్టా ఫ్లాక్, డానీ హాథవే 1972లో పాడి ప్రసిద్ధం చేసిన ‘వేర్ ఈజ్ ద లవ్’ కూడా వీరి రచనే. పాడడానికి బిల్ విదర్స్‌ను అడిగినప్పుడు, మాటల విషయంలో పట్టింపు ఎక్కువగా ఉన్న ఆయన, సాహిత్యాన్ని తాను కొంత సవరిస్తానన్న షరతు మీద ఒప్పుకున్నారు. అందుకే రచయితలుగా ముగ్గురి పేర్లూ కనిపిస్తాయి.

పశ్చిమ వర్జీనియాలోని స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊరిలో 1938లో పుట్టిన విదర్స్, ‘ఎయింట్ నో సన్‌షైన్’, ‘లీన్ ఆన్ మీ’ వంటి పాటలతో అప్పటికే చిరపరిచితులు. ఆయన గొంతులో ఆర్భాటం ఉండదు, ఎదురుగా కూర్చున్నవారితో మాట్లాడుతున్నట్టు పాడతారు. గ్రోవర్ సాక్సోఫోన్ స్వభావం కూడా సరిగ్గా అదే కావడం వల్ల, గాయకుడి తరువాత వాద్యం అందుకున్నప్పుడు ఒకే మనిషి మాటలు ఆపి రాగం తీసినట్టు ఉంటుంది. విదర్స్ 1985 తరువాత కొత్త ఆల్బములు చేయలేదు. 2020 మార్చి 30న కన్నుమూశారు.

ఆ పాటలోని కార్డుల వరుస అంత ప్రసిద్ధం ఎందుకైంది? కర్ణాటక సంగీతం తెలిసినవారికి దాన్ని ఎలా వివరించవచ్చు?

కార్డు అంటే ఒకేసారి కలిపి పలికించే కొన్ని స్వరాల సమూహం. పాట ఎఫ్ మైనర్‌లో ఉంది. ప్రధాన చక్రంలో వరుసగా డి ఫ్లాట్ మేజర్ సెవెంత్, సి సెవెంత్, ఎఫ్ మైనర్ సెవెంత్, ఇ ఫ్లాట్ మైనర్ సెవెంత్, ఎ ఫ్లాట్ సెవెంత్ అనే అయిదు కార్డులు వస్తాయి. ఎఫ్‌ను షడ్జమంగా పెట్టుకుని చూస్తే, ఈ కార్డుల మూల స్వరాలు శుద్ధ ధైవతం, పంచమం, షడ్జమం, కైశికి నిషాదం, సాధారణ గాంధారం అవుతాయి. తరువాత మళ్లీ ధైవతం దగ్గరికి చేరి చక్రం మొదలవుతుంది.

మొత్తం స్వర సముదాయం స్థూలంగా 20వ మేళకర్త నఠభైరవిదే. అయితే రెండు అన్యస్వరాలు వచ్చి పోతుంటాయి. రెండో కార్డులో కాకలి నిషాదం వినిపించి షడ్జమం వైపు నెడుతుంది. నాలుగు, అయిదు కార్డులలో శుద్ధ రిషభం వచ్చి, షడ్జమం మీద కుదురుకోబోతున్న చెవిని తిరిగి ధైవతం వైపు లాగుతుంది. అంటే ఇల్లు చేరిన వెంటనే మళ్లీ ప్రయాణం కట్టించే అమరిక ఇది. ఎన్నిసార్లు తిరిగినా విసుగు పుట్టకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. మొదటి కార్డుకు మూలం ధైవతమే అయినా, దానిలో షడ్జమం, సాధారణ గాంధారం, పంచమం మూడూ ఉన్నాయి. కాబట్టి ఆధార శ్రుతి పూర్తిగా కనుమరుగు కాకుండా, నేల మాత్రం కాస్త పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది.

రాగ సంగీతంలో ఆధార షడ్జమం కదలదు. ఇక్కడ రాగం దాదాపు నిలకడగా ఉండి కింది స్వరాలు కదులుతాయి. ఒకే ఒక స్వరాన్ని, ఉదాహరణకు పంచమాన్ని, పట్టుకుని చక్రమంతా పలికి చూస్తే, ఆ స్వరం ఒక్కో కార్డు మీద ఒక్కో రంగులో వినిపించడం ఎవరైనా గమనించవచ్చు. శ్రుతిపెట్టె, ఒక కీబోర్డు ఉన్న ఇంట్లో ఈ ప్రయోగం చేయడం సులువు.

ఈ వరుస తరువాత ఎన్నో పాటలలో కనిపించింది. జపాన్ గాయని షీనా రింగో 1999లో విడుదల చేసిన ‘మరునోఉచి సాడిస్టిక్’ పాటలో వాడిన తరువాత ఆ దేశపు సంగీతకారులు దీన్ని ఆ పాట పేరుతోనూ, ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’ పేరుతోనూ పిలుచుకోవడం స్థిరపడింది. అమెరికాలో విల్ స్మిత్ 1997 నాటి తన ఆల్బంలో ఇదే పాటను తండ్రీకొడుకుల అనుబంధంగా మార్చి కొత్త మాటలతో వినిపించారు.

రేడియోలో వినిపించే పాట, ఆల్బంలోని పాట ఒకటేనా?

కాదు. ఆల్బంలో దాని నిడివి ఏడు నిమిషాలకు పైగా ఉంటుంది. సింగిల్‌గా, అంటే ఆ ఒక్క పాటనే విడిగా, విడుదల చేసినప్పుడు దాన్ని దాదాపు సగానికి కుదించారు. కుదించిన రూపంలో పాట మిగిలింది కానీ సంభాషణ పోయింది. పూర్తి రూపంలో రాబర్ట్ గ్రీనిడ్జ్ వాయించిన స్టీల్ పాన్ సోలో ఉంది. నూనె పీపాల అడుగును సుత్తితో గుంటగా సాగదీసి, అందులోని ఒక్కో భాగానికి ఒక్కో స్వరం కుదిర్చిన ట్రినిడాడ్ దేశపు వాద్యం అది. గ్రీనిడ్జ్ స్వస్థలం ట్రినిడాడే. మెక్‌డొనాల్డ్ పుట్టింది న్యూయార్క్‌లోని హార్లెంలో అయినా, ఆయన కుటుంబ మూలాలూ ట్రినిడాడ్‌లోనే ఉన్నాయి. ఆయన తండ్రి కాలిప్సో గాయకుడు. అందుచేత ప్రేమగీతం మధ్యలో ఆ వాద్యం వినిపించడాన్ని అలంకారం కోసం తెచ్చిపెట్టినదిగా భావించకూడదు. దయచేసి పూర్తి రూపాన్నే వినండి.

గ్రోవర్ మూడు రకాల సాక్సోఫోన్లు వాయించారని అంటారు. వాటి మధ్య తేడా ఏమిటి?

ఈ ఆల్బంలో ఆయన సొప్రానో, ఆల్టో, టెనర్ మూడూ వాయించారు. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంట్ పొందిన ఈ వాద్యం ఇత్తడితో చేసినదే అయినా, ధ్వని పుట్టేది ఒకే ఒక రెల్లు పట్టీ కంపించడం వల్ల. గొట్టం పొడవు పెరిగేకొద్దీ స్థాయి కిందికి దిగుతుంది. సొప్రానో సాధారణంగా నిటారుగా ఉండి, పదునైన ధ్వనినిస్తుంది. టెనర్ దానికి ఒక స్థాయి కింద, పురుషుడి గొంతుకు దగ్గరగా పలుకుతుంది. ఆల్టో ఆ రెండింటికీ మధ్య ఉంటుంది. వేళ్ల అమరిక మూడింటికీ ఒకటే అయినా, పెదవుల బిగువు, ఊపిరి ఒత్తిడి వేరు. కనుక మూడింటి మీద సమానమైన పట్టు సాధించడం తేలిక కాదు. గ్రోవర్ ప్రత్యేకత ఏమిటంటే, ఏ వాద్యం పట్టినా మొదటి రెండు స్వరాలకే అది ఆయనదని పోల్చుకోవచ్చు. స్వరం మొదట్లో గాలి మెల్లగా చేరడం, పొడవైన స్వరం చివర్లో మాత్రమే కంపనం రావడం ఆయన సంతకం.

కర్ణాటక సంగీత విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్ వాయించినది కూడా ఇదే వాద్యమా?

అవును. ఆయన వాయించినది ఆల్టో సాక్సోఫోన్. 1994లో ఎ.ఆర్.రెహమాన్ సంగీతంతో వచ్చిన ‘డ్యూయెట్’ సినిమాలో వినిపించే సాక్సోఫోన్ కూడా ఆయనదే. గమకాలు అవిచ్ఛిన్నంగా పలకడానికి ఆయన వాద్యానికే మార్పులు చేసుకున్నారు. గ్రోవర్ స్వరాన్ని కొద్దిగా కిందినుంచి జార్చి అందుకుంటారు, కానీ ఆ జారుడు బ్లూస్ నుంచి, చర్చి గానం నుంచి వచ్చినది. ఇద్దరినీ పక్కపక్కన విన్నవారికి ఒకే వాద్యం రెండు సంప్రదాయాలకు ఎంత నిజాయితీగా లొంగిందో తెలుస్తుంది. ఎవరు గొప్ప అన్న పోలికకు ఇక్కడ తావు లేదు.

ఆల్బంకు ఎలాంటి ఆదరణ, గుర్తింపు లభించాయి?

అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ప్రచురించే జాజ్ ఆల్బముల పట్టికలో మొదటి స్థానానికీ, అన్ని రకాల ఆల్బములూ కలిసిన పట్టికలో 5వ స్థానానికీ చేరింది. 1981లో అమెరికాలో ప్లాటినం గుర్తింపు పొందింది. ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’ అదే పత్రిక పాటల పట్టిక అయిన హాట్ 100లో 2వ స్థానం వరకూ వెళ్లింది. 1982 గ్రామీ పురస్కారాలలో ఉత్తమ జాజ్ ఫ్యూజన్ ప్రదర్శన బహుమతి ఆల్బంకు, ఉత్తమ ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) గీతం బహుమతి ఆ పాట రచయితలు ముగ్గురికీ దక్కాయి.

జాజ్ విమర్శకులలో కొందరు ఈ తరహా సంగీతాన్ని ఎందుకు తక్కువగా చూస్తారు?

వారి అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. జాజ్ ప్రాణం మనోధర్మంలో ఉందనీ, వాద్యకారుడు తనను తాను ఇరుకున పెట్టుకుని బయటపడడంలో ఉందనీ, ఈ తరహాలో ఆ సాహసం లోపించి, లిఫ్టులలోనూ హోటల్ వరండాలలోనూ నేపథ్యంగా వినిపించే సరుకుగా మారిందనీ వారంటారు. తరువాతి కాలంలో వచ్చిన చాలా ఆల్బముల విషయంలో ఆ మాట కాదనలేం. యంత్రంతో లయ కట్టి, దాని మీద ఒక్కరే వచ్చి సాక్సోఫోన్ వాయించి వెళ్లే పద్ధతి పెరిగాక, వినడానికి ఎదుటి మనిషే లేకుండా పోయాడు.

‘వైన్‌లైట్’కు మాత్రం ఆ తీర్పు వర్తించదు. ఇందులోని నునుపు నిగ్రహం వల్ల వచ్చినది. వేగంగా వాయించగలిగినవారు ఆ వేగాన్ని ఆపుకుని, ఒక స్వరాన్ని ఎంతసేపు నిలపాలో, ఎక్కడ వదలాలో ఆలోచించి వాయించడం కూడా మనోధర్మమే. శీర్షిక రచనలో గ్రోవర్ మొదట రాగాన్ని దాదాపు అలంకారం లేకుండా పలికి, ప్రతి చుట్టులోనూ కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతూ, చివరికి గొంతు చించుకున్నట్టు పలికే పై స్వరాలకు చేరతారు. ఆ ఆరోహణ నేపథ్య సంగీతం చేసేవారు చేయగలిగిన పని కాదు. గ్రోవర్‌కు శుద్ధమైన జాజ్ రాదన్న అపోహ ఉన్నవారు ఆయన 1988లో చేసిన ‘దెన్ అండ్ నౌ’, 1994లో చేసిన ‘ఆల్ మై టుమారోస్’ వింటే సరిపోతుంది.

మొదటిసారి వినేవారు ఎలా వినాలి?

ఫోన్ స్పీకర్ మీద వినవద్దు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అతి కింది స్వరం పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. అంత కింది ధ్వనిని ఫోన్ స్పీకర్ పలికించలేదు. దానితో మార్కస్ మిల్లర్ పనిలో ముఖ్యమైన భాగం మాయమై, పైన తేలే సాక్సోఫోన్ మాత్రమే మిగులుతుంది. ఈ ఆల్బం తేలికపాటిదని అనుకునేవారిలో చాలామంది దాన్ని అలాగే విని ఉంటారు. మంచి ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మొదటిసారి సాక్సోఫోన్‌ను, రెండోసారి బేస్‌ను, మూడోసారి స్టీవ్ గ్యాడ్ ఎడమ చేతిని అనుసరిస్తూ వింటే, ఒకే రచన మూడు వేర్వేరు రచనలుగా తెరుచుకుంటుంది.

ఇది నచ్చినవారు తరువాత ఏమి వినవచ్చు?

ముందుగా ‘మిస్టర్ మ్యాజిక్’ వినడం మంచిది. బాబ్ జేమ్స్ అమరికలో సాగే ఆ శీర్షిక రచనలో గ్రోవర్ ఇంకా కరుకుగా, ఆకలిగా వినిపిస్తారు. ఆ తరువాత 1981 నాటి ‘కమ్ మార్నింగ్’, 1982 నాటి ‘ద బెస్ట్ ఈజ్ యెట్ టు కమ్’ వింటే ‘వైన్‌లైట్’ బాట ఎటు సాగిందో తెలుస్తుంది. రెండో దాని శీర్షిక గీతాన్ని పాడింది ప్యాటీ లాబెల్. గిటార్ విద్వాంసుడు కెన్నీ బరెల్‌తో కలిసి చేసిన ‘టుగెదరింగ్’ మరో రకమైన ఆనందం.

1999 డిసెంబరు 17న న్యూయార్క్‌లో ఒక టెలివిజన్ కార్యక్రమం కోసం వాయించిన కొద్దిసేపటికే ఆయన కుప్పకూలి, గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు. మరణానంతరం 2000లో విడుదలైన ‘ఆరియా’లో ఒపెరా గీతాలను సాక్సోఫోన్ మీద వినిపించారు. పాడడాన్ని వాద్యం మీదికి తేవాలన్న ఆయన తపన తెలుసుకోగోరేవారు, పై ఆల్బములన్నీ విన్నాక దాన్ని వినవచ్చు.